ముద్ర వెయ్యాలంటే మనిషి కనపడాలి

"నాన్నా, నాకు కమిషన్ వచ్చింది" అని ఫోన్‌లో చెప్పగానే మా నాన్న అడిగిన మొదటి మాట, "ఎంత?"

ఆయన తప్పేం లేదు. నరసరావుపేటలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. ఆయన లెక్కలో కమిషన్ అంటే పొలం బేరం కుదిర్చినవాడికి రెండు వైపులా ముట్టేది. ఇది ఆ కమిషన్ కాదు నాన్నా, టెక్సస్ రాష్ట్రం నన్ను నాలుగేళ్ళకి నోటరీగా వేసింది, ఆ నియామకాన్నే ఇక్కడ కమిషన్ అంటారు అని చెప్పాను. అటునుంచి కాసేపు మాట లేదు. లైను కట్ అయిందేమో అనుకున్నా.

"నువ్వు లా ఎప్పుడు చదివావమ్మా?"

చదవలేదు. నాది బీకాం. ఇక్కడ ఫ్రిస్కోలో ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో జనవరి నుంచి ఏప్రిల్ దాకా రిటర్నులు చేస్తాను. మిగతా నెలల్లో పిల్లల్ని ఈతకీ చెస్‌కీ తిప్పడమే ఉద్యోగం. నాన్నకి నోటరీ అంటే కోర్టు ఆవరణలో నల్లకోటు వేసుకుని, బల్ల మీద పెద్ద రిజిస్టరు పెట్టుకుని కూర్చునే వకీలు. మన దగ్గర అది నిజమే. 1952 నాటి నోటరీల చట్టం, దాని కింద వచ్చిన 1956 నిబంధనల ప్రకారం లాయరుగా కనీసం 10 ఏళ్ళ ప్రాక్టీసు ఉండాలి. ఆడవాళ్ళకీ, ఎస్సీ, ఎస్టీ, బీసీలకీ 7 ఏళ్ళు చాలు. ఆ తర్వాత దరఖాస్తు, ఇంటర్వ్యూ, ఎదురుచూపు.

ఇక్కడ టెక్సస్‌లో 18 ఏళ్ళు నిండి ఉండాలి, ఈ రాష్ట్రంలో నివాసం ఉండాలి, పెద్ద నేరాల్లో గానీ నీతిమాలిన నేరాల్లో గానీ శిక్ష పడి ఉండకూడదు. దరఖాస్తు ఫీజు 21 డాలర్లు. పరీక్ష లేదు.

"పరీక్ష కూడా లేదా!" అన్నాడు నాన్న. ఆ గొంతులో మెచ్చుకోలేమీ లేదు.

అసలు ఈ నోటరీ గోల నాకెందుకు పట్టుకుందంటే, మా ఆయన వాళ్ళ పొలం పంపకాల వల్ల. ముగ్గురన్నదమ్ములు, ఇద్దరు అక్కడ, ఈయన ఇక్కడ. ఈయన వెళ్ళలేడు కాబట్టి పెద్ద బావగారి పేర జీపీఏ, అంటే ఈయన బదులు సంతకాలు పెట్టే పవరాఫటార్నీ, ఇవ్వాలి. దాన్ని మా నాన్నే రాసి పంపాడు, చక్కటి తెలుగులో, "నేను నా పూర్తి సమ్మతితో, ఎవరి బలవంతమూ లేకుండా" అని మొదలుపెట్టి. దాన్ని పట్టుకుని శనివారం పొద్దున్నే మా బ్యాంకుకి వెళ్ళాం. అక్కడి నోటరీ ఆవిడ కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏముందో నాకు తెలీదు, నేను ముద్ర వెయ్యను అంది. పార్సెళ్ళు పంపే ఒక దుకాణానికి వెళితే, అక్కడి కుర్రాడు ఇంగ్లీషులో తెచ్చుకోండి అన్నాడు. ఇంకోచోట నోటరీ సోమవారం వస్తుందన్నారు. ఆ రోజు మూడు గంటలు కార్లోనే గడిచాయి. మా ఆయన ప్రతి సిగ్నల్ దగ్గరా "నువ్వే అయిపో నోటరీ" అని వెటకారం చేశాడు. నేను వెటకారంగా తీసుకోలేదు.

తర్వాత చదివితే తెలిసింది. నోటరీ దస్తావేజు మొత్తం చదివి అర్థం చేసుకోనక్కర్లేదు. కింద తను రాసే ధ్రువీకరణ నాలుగు వాక్యాలు తనకి అర్థమయ్యే భాషలో ఉంటే చాలు. ఆ కాగితంలో రాసింది నిజమా కాదా అన్నది కూడా నోటరీ పని కాదు. సంతకం పెట్టిన మనిషి ఎదురుగా వచ్చాడా, ఆ మనిషి ఆ మనిషేనా, తన ఇష్టంతోనే పెడుతున్నాడా, అంతవరకే చూడాలి.

ఇంకో అనుమానం. నేనింకా ఇక్కడి పౌరురాలిని కాను, గ్రీన్ కార్డు మాత్రమే. ప్రభుత్వం తరఫున ముద్ర వేసే పని నాకిస్తారా? వెతుకుతుంటే ఒక కేసు దొరికింది. ఇప్పుడు దాన్ని దాదాపు పురాణ కథలాగా అందరికీ చెబుతున్నాను. మెక్సికోలో పుట్టి, 1961 నుంచి అమెరికాలో ఉంటున్న ఎఫ్రైన్ బెర్నాల్ అనే ఆయన టెక్సస్‌లో పేద వలస కూలీలకు న్యాయసాయం చేసే సంస్థలో పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకుడిగా, పనిచేసేవాడు. కూలీల వాంగ్మూలాలు నోటరీ చెయ్యడానికి వీలుగా ఉంటుందని 1978లో నోటరీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. పౌరుడివి కాదు పొమ్మన్నారు. ఆయన ఊరుకోలేదు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1984లో ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు ఉండి, నోటరీకి పౌరసత్వం అడగడం రాజ్యాంగం ప్రకారం చెల్లదని తీర్పు చెప్పారు. ఆ తీర్పు రాసింది థర్గుడ్ మార్షల్. నోటరీది ప్రధానంగా గుమాస్తా పనే తప్ప రాజ్యం నడిపే పని కాదని అందులో ఒక ముఖ్యమైన వాదన. గుమాస్తా పని అన్నందుకు ఎవరైనా నొచ్చుకుంటారేమో గానీ, నాకు మాత్రం ఆ మాటే తలుపు తీసింది. ఒకటి గుర్తుంచుకోండి. ఇది గ్రీన్ కార్డు వాళ్ళ సంగతి. వీసా మీద ఉన్నవాళ్ళు డబ్బు తీసుకుని ఏ పని చేసినా ఇమ్మిగ్రేషన్ చిక్కులు వేరే ఉంటాయి, ముందు మీ అటార్నీని అడగండి.

నేను 2024లో పెట్టుకున్నాను. దరఖాస్తంతా ఆన్‌లైన్‌లోనే, నోటరీలని వేసే రాష్ట్ర కార్యాలయం, సెక్రటరీ ఆఫ్ స్టేట్ వాళ్ళ పోర్టల్‌లో. దరఖాస్తుతో పాటు 10,000 డాలర్లకి పూచీ బాండ్ జతచెయ్యాలి. ఆ అంకె చూసి బెదిరిపోకండి, మనం పదివేలు కట్టక్కర్లేదు. బాండ్ కంపెనీకి నాలుగేళ్ళకి కలిపి నేను కట్టింది 50 డాలర్లు. కానీ ఇక్కడొక మెలిక ఉంది, మనవాళ్ళు చాలామంది దీన్ని ఇన్సూరెన్సు అనుకుంటారు. కాదు. నా తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కంపెనీ వాళ్ళకి డబ్బిచ్చి, ఆ డబ్బు నా దగ్గర వసూలు చేసుకుంటుంది. పూచీ జనానికి, నాకు కాదు. మనల్ని కాపాడే ఇన్సూరెన్సు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఈ మాట నాన్నకి చెబితే వెంటనే పట్టుకున్నాడు. "అప్పుకి హామీ సంతకం లాంటిదే. హామీ ఉన్నవాడు కట్టి, తర్వాత అప్పున్నవాడి మెడ పట్టుకుంటాడు."

నేను పెట్టుకున్నప్పుడు ఏ క్లాసులూ లేవు. 2026 జనవరి నుంచి మాత్రం కొత్త వాళ్ళయినా, పొడిగించుకునే వాళ్ళయినా ముందు ఒక చిన్న కోర్సు పూర్తి చెయ్యాలి. అది రెండు గంటల్లోపు పనే. మంచిదే అంటాను నేను. నాకప్పుడు ఆ కోర్సు ఉండుంటే, కింద చెప్పబోయే పొరపాటు చేసేదాన్ని కాదు. ఇదంతా టెక్సస్ మాట. వేరే రాష్ట్రంలో ఉంటే మీ రాష్ట్రం నిబంధనలు చూసుకోండి, భూమ్యాకాశాల తేడా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆరు గంటల కోర్సు, పరీక్ష, వేలిముద్రలు ఉంటాయి. లూజియానాలో పరీక్ష గట్టిది, కానీ గట్టెక్కితే పదవి జీవితాంతం. ఫ్లోరిడా నోటరీలయితే పెళ్ళిళ్ళు కూడా చేసెయ్యొచ్చు. మా స్నేహితురాలు ఒకామె ఇది విని "అయితే పంతులుగారి సంభావన నీకేనా" అంది.

ఈమెయిల్లో కమిషన్ వచ్చింది. వచ్చినంత మాత్రాన నోటరీ అయిపోరు. ఇంకో నోటరీ ఎదుట నిలబడి ప్రమాణం చెయ్యాలి. అంటే నోటరీ కావాలంటే నోటరీ కావాలి! మళ్ళీ అదే బ్యాంకుకి వెళ్ళాను. మళ్ళీ అదే ఆవిడ. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలీదు. కుడిచెయ్యి ఎత్తమంది. టెక్సస్ రాజ్యాంగాన్నీ, అమెరికా రాజ్యాంగాన్నీ కాపాడతానని ఆవిడ చెబుతుంటే నేను తిరిగి చెప్పాను. వెనకాల డిపాజిట్ కోసం వచ్చిన ఒక పెద్దాయన టోపీ తీసి నిలబడ్డాడు. ఎందుకు తీశాడో గానీ, నాకు గొంతు కొంచెం పట్టేసింది.

ముద్ర గురించి చెప్పాలి, ఎందుకంటే నాకదంటే మోజు. మధ్యలో ఐదు కోణాల నక్షత్రం, దాని చుట్టూ "నోటరీ పబ్లిక్, స్టేట్ ఆఫ్ టెక్సస్" అన్న అక్షరాలు, నా పేరు, కమిషన్ ముగిసే తేదీ, నా నోటరీ నంబరు, చుట్టూ పళ్ళు పళ్ళుగా అంచు. నాది దీర్ఘచతురస్రం. గుండ్రంగా కూడా చేయించుకోవచ్చు. నాన్నకి ఫోటో పంపితే "ఇదేంటి, ధరల చీటీలా ఉంది" అన్నాడు. మన నోటరీల ముద్ర అయిదు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ళ. ఆయన కంటికి అదే ముద్ర.

ముద్రతో పాటు ఒక పుస్తకం. ప్రతి పనికీ తేదీ, సంతకం పెట్టిన వాళ్ళ పేరు, చిరునామా, ఎలా గుర్తుపట్టాను, ఏ కాగితం అని రాసి ఉంచుకోవాలి. కొత్త చట్టం ప్రకారం ఆ రికార్డు పదేళ్ళు దాచాలి. గమ్మత్తేంటంటే, డ్రైవింగ్ లైసెన్సు చూసి మనిషిని గుర్తిస్తాం గానీ, ఆ లైసెన్సు నంబరు పుస్తకంలో రాయకూడదు. ఆ పుస్తకం ఎవరైనా అడిగి నకలు తీసుకోగల పబ్లిక్ రికార్డు మరి, నంబర్లు దొంగల చేతిలో పడకూడదు కదా. నేను మొదట్లో అలవాటు కొద్దీ ఆధార్ నంబరు రాసినట్టు రాయబోయి ఆగిపోయాను.

ఇక నా పొరపాటు. మొదటి నెలలోనే, మా పాప క్లాస్‌మేట్ వాళ్ళింటికి వెళ్ళి ఒక కాగితం నోటరీ చేశాను. చిన్నపిల్లల అమెరికా పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ వెళ్ళాలి, ఒకరు వెళ్ళలేకపోతే డీఎస్-3053 అనే ఒప్పుకోలు కాగితం నోటరీ ఎదుట సంతకం పెట్టాలి. మనవాళ్ళలో నాకు ఎక్కువగా వచ్చే పని ఇదే. పిల్ల నాన్న ఇల్లు డాలస్‌లో, ప్రాజెక్టు షికాగోలో, పిల్లకి వేసవి సెలవల్లో ఇండియా టికెట్లు. ఆ కాగితం నోటరీ అయ్యాక మూడు నెలలే పనికొస్తుంది, అందుకే అందరిదీ తొందరే. సంతకం అయింది, ముద్ర వేశాను, టీ తాగాను, ఇంటికొచ్చాను. రాత్రి పదకొండింటికి పక్క మీద పడుకుని ఉండగా తట్టింది. ధ్రువీకరణలో పైన "కౌంటీ" (మన జిల్లా లాంటిది) అన్నచోట నేను కాలిన్ అని రాశాను. నేనుండేది కాలిన్ కౌంటీలో. కానీ అక్కడ రాయాల్సింది నేనుండే కౌంటీ కాదు, సంతకం జరిగిన కౌంటీ. ఫ్రిస్కో ఊరు రెండు కౌంటీల్లో ఉంటుంది. వాళ్ళిల్లు రోడ్డుకి అవతల, డెంటన్‌లో! పనిచేసే హక్కు టెక్సస్ మొత్తంలో ఉంది, అందులో చిక్కు లేదు. చిక్కంతా నేను అబద్ధం రాసినట్టు కావడంలోనే. పొద్దున ఆరున్నరకి వాళ్ళ తలుపు కొట్టి, కొత్త ఫారంతో మళ్ళీ మొదటి నుంచి చేయించాను. ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి సంతకం పెట్టాడు. అప్పటినుంచీ ఎవరింటికెళ్ళినా ముందు కారులోనే ఆ ఇల్లు ఏ కౌంటీయో చూసుకుంటాను.

పొరపాట్లు దిద్దుకోవచ్చు. మొహమాటాలు దిద్దుకోవడమే కష్టం.

మా వీధిలో ఒక అమ్మాయి, నన్ను అక్కా అని పిలిచేది, ఒక సాయంత్రం కాగితాలతో వచ్చింది. వాళ్ళాయన సంతకం అప్పటికే పెట్టి ఉంది. "ఆయన ఆఫీసులో ఉన్నాడక్కా, పొద్దునే పెట్టేసి వెళ్ళాడు. నువ్వు ముద్ర వేసిస్తే ఇప్పుడే స్కాన్ చేసి పంపేస్తా. ఆయన సంతకం నీకు తెలుసు కదా." సంతకం తెలుసు, ఆయనా తెలుసు, వాళ్ళింట్లో దసరాకి బొమ్మలకొలువుకి పేరంటానికి వెళ్ళొచ్చాను కూడా. అయినా కుదరదు. కొన్ని కాగితాలకి ముందే సంతకం పెట్టి ఉన్నా ఫరవాలేదు, మనిషి వచ్చి "ఇది నా సంతకమే" అని ఒప్పుకుంటే చాలు. ప్రమాణం ఉన్న కాగితాలకి మాత్రం ప్రమాణం చేసి, నా ఎదుటే సంతకం పెట్టాలి. రెండింటిలోనూ మనిషి మాత్రం రావాలి. మనిషి రాకుండా వచ్చాడని తెలిసీ రాస్తే ఇప్పుడు టెక్సస్‌లో అది నేరం, ఆస్తి బదిలీ కాగితాలైతే ఇంకా పెద్ద నేరం. నేను ఇదంతా నెమ్మదిగానే చెప్పాను. "సరేలే అక్కా, నీకు రూల్సు ఎక్కువ" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడు బొమ్మలకొలువుకి పిలుపు రాలేదు. నిజం చెప్పాలంటే బాధేసింది.

ఈ సంగతి నాన్నకి చెప్పాను. ఆయన ఎప్పుడూ చెప్పని కథ ఒకటి అప్పుడు చెప్పాడు. మన దగ్గర రిజిస్ట్రేషనుకి ఇద్దరు గుర్తింపు సాక్షులు ఉంటారు కదా, ఈ మనిషిని మేమెరుగుదుం అని సంతకం పెట్టేవాళ్ళు. నాన్న కుర్రతనంలో ఒకసారి తెలిసినాయన అడిగాడని, ముసుగు వేసుకుని వచ్చిన ఆడమనిషి మొహం కూడా చూడకుండా "ఎరుగుదును" అని పెట్టాడట. ఆమె ఆ ఆస్తి గల ఆడపడుచు కాదు, వేరెవరో. అసలు ఆడపడుచు కోర్టుకెక్కింది. ఆరేళ్ళు వాయిదాలకి తిరిగాడట నాన్న. మా అమ్మ గాజులు ఎందుకు తాకట్టుకి వెళ్ళాయో నాకు నలభై రెండో ఏట తెలిసింది.

"ఆ పిల్ల పేరంటానికి పిలవకపోతే పిలవకపోయిందిలే" అన్నాడు.

అన్నిటికంటే తల తినేసిన కేసు ఇంకొకటి. పక్క వీధిలో వాళ్ళ అత్తగారు, ఆరు నెలలకి వచ్చిన పెద్దావిడ. ఊళ్ళో ఎకరంన్నర పొలం అమ్మాలి, అక్కడున్న కొడుక్కి జీపీఏ ఇవ్వాలి. ఆవిడ దగ్గరున్న గుర్తింపు ఒక్కటే, ఇండియా పాస్‌పోర్టు. టెక్సస్ చట్టం ఏమంటుందంటే, ఇలా ఒప్పుకునే దస్తావేజులకి గుర్తింపుగా ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వమో, ఏదైనా రాష్ట్ర ప్రభుత్వమో ఇచ్చిన ఫోటో, సంతకం ఉన్న కార్డు చూపించాలి. పరదేశపు పాస్‌పోర్టు నివాస స్థిరాస్తి లావాదేవీల కాగితాలకి మాత్రమే చెల్లుతుంది. అంటే ఇల్లయితే చెల్లుతుంది, పొలమైతే చెల్లదు. ఇది ఆ కుటుంబానికి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. కోడలు పాస్‌పోర్టులో ఉన్న అమెరికా వీసా చూపించింది. దాని మీద ఫోటో ఉంది, సంతకం లేదు.

"నువ్వు అత్తయ్యగారిని ఎరుగుదువు కదా" అంది. నోటరీకి స్వయంగా తెలిసిన మనిషైతే కార్డు అక్కర్లేదు, అది నిజమే. కానీ నేను ఆవిడని రెండుసార్లు గుళ్ళో చూశాను. పులిహోర కలిసి తిన్నంత మాత్రాన ఎరిగినట్టు కాదు. మిగిలింది ఒకే దారి, నమ్మకమైన సాక్షి. ఆ సాక్షి నాకు స్వయంగా తెలిసి ఉండాలి, పెద్దావిడని ఆ సాక్షి ఎరిగి ఉండాలి, ఆ సంగతి ప్రమాణం చేసి చెప్పాలి. అదృష్టం బాగుండి మా ట్యాక్స్ ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయిది ఆవిడ ఊరే, చిన్నప్పుడు ఆవిడ ఇంటి పక్కనే ఉండేవాళ్ళు. ఆదివారం పిలిపించాను. వంటింటి బల్ల దగ్గర ఆ అమ్మాయి చెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే పెద్దావిడ కంగారు పడింది. "నేను ఫలానా అని చెప్పడానికి ఈ పిల్లతో ఒట్టు వేయిస్తావా అమ్మా?" అంది. ఔను పిన్నీ అన్నాను. ఆవిడ తెలుగులో సంతకం పెట్టింది, పలక మీద దిద్దినట్టు, ఒక్కో అక్షరం ఆగి ఆగి. తెలుగు సంతకానికి ఇక్కడ ఏ అభ్యంతరమూ లేదు. నేను పుస్తకంలో సాక్షి పేరు రాసుకున్నాను. పది డాలర్లు ఇవ్వబోతే తీసుకోలేదు. అరిసెలు మాత్రం వద్దనలేకపోయాను.

పేర్ల తగాదా మన జనానికి ప్రత్యేకం. దస్తావేజులో ఇంటిపేరు ఒక్క అక్షరం, చుక్క. లైసెన్సులో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర్న. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన వాళ్ళకి వీసాలో "ఎఫ్ఎన్‌యూ" అని ముందు తగిలిస్తారు, పేరు తెలియదు అని దాని అర్థం. ఒకాయన లైసెన్సు మీద కూడా అదే పేరు పడింది. కాగితంలో రాసిన పేరూ, కార్డులో పేరూ ఒకే మనిషివని నాకు నమ్మకం కుదరాలి, లేదంటే కాగితం దిద్దించుకు రమ్మంటాను. నేను మాత్రం దిద్దను. ఏ పేరు వెయ్యాలో సలహా కూడా ఇవ్వను, అది లాయరు పని.

జీపీఏ కోసం ఇది చదువుతున్న వాళ్ళకి ఇంకో రెండు మాటలు. నోటరీ ముద్రతో పని అయిపోదు. మన రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షను ప్రకారం ఇండియాలో నివాసం లేనివాళ్ళు నోటరీ ఎదుట గానీ, ఇండియన్ కాన్సులేటులో గానీ చేసిన పవరాఫటార్నీ చెల్లుతుంది. ఈ సెక్షను నంబరు మా నాన్నకి నిద్రలో లేపినా వస్తుంది. నోటరీ చేయించాక చాలామంది ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ వేయిస్తారు, కాగితానికి 15 డాలర్లు. నా ముద్ర నిజంగా టెక్సస్ నోటరీదే అని రాష్ట్రం చెప్పే ధ్రువపత్రం అది. అపోస్టిల్‌ని ఒప్పుకునే దేశాల ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది. కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. బీరువాలో పెట్టి మర్చిపోయి, ఏడాది తర్వాత అమ్మకం రోజున తీసేవాళ్ళని నాన్న చాలామందిని చూశాడట.

ఇంతకీ మా ఆయన జీపీఏ? దాని కోసమే కదా ఇదంతా. మొదటి కాగితం ఎలాగో అయింది, నిరుడు ఇంకొకటి కావాల్సొచ్చింది. నా ముద్ర తీశాను, మూత తెరిచాను, మళ్ళీ మూశాను. నోటరీకి తన లాభం ముడిపడి ఉన్న కాగితాల జోలికి వెళ్ళకూడదు. టెక్సస్‌లో భార్యాభర్తల సంపాదన ఉమ్మడి లెక్క, ఆ పొలం డబ్బు వస్తే పడేది మా ఇద్దరి ఖాతాలోనే. ఆయన మొహం చూడాలి అప్పుడు. మళ్ళీ బ్యాంకు, మళ్ళీ ఆవిడ. ఈసారి ధ్రువీకరణ ఇంగ్లీషులో ఉందని చూపించి, నేనూ నోటరీనే అని నా కార్డు ఇచ్చాను. నవ్వి, వేసింది.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. మామూలు పనికి మొదటి సంతకానికి 10 డాలర్లకు మించి తీసుకోకూడదు, ఆపైన ప్రతి సంతకానికీ ఒక్కో డాలరు. 2023 దాకా ఆ పది కూడా కాదు, ఆరే. నాకు దరఖాస్తు, బాండు, ముద్ర, పుస్తకం అన్నీ కలిపి 120 డాలర్ల దాకా అయింది. అది తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది, సగం మంది దగ్గర తీసుకోబుద్ధి కాదు. ఇంటి లోన్ల సంతకాలు చేయించే ఏజెంటుగా నెలకి వేలు సంపాదించొచ్చని వీడియోలు చేసేవాళ్ళున్నారు. ఎక్కువగా వాళ్ళు సంపాదించేది ఆ వీడియోల మీద, కోర్సుల మీద. పైగా టెక్సస్‌లో హోమ్ ఈక్విటీ లోన్లు, అంటే సొంతింటి మీద తీసుకునే అప్పులు, అప్పిచ్చేవాళ్ళ ఆఫీసులోనో, అటార్నీ ఆఫీసులోనో, టైటిల్ కంపెనీలోనో ముగించాలని రాజ్యాంగంలోనే ఉంది, వంటింటి బల్ల మీద కుదరదు. ఆ వీడియోల్లో ఈ మాట రాదు.

చివరగా ఈ పోస్టు రాసేముందు నేను చెయ్యాల్సొచ్చిన పని. లాటిన్ అమెరికా దేశాల్లో "నోటారియో" అంటే పెద్ద లాయరు. ఆ పేరు చెప్పుకుని ఇక్కడ వలసొచ్చిన వాళ్ళ దగ్గర వీసా పనులని డబ్బు గుంజినవాళ్ళు ఉన్నారు. అందుకని టెక్సస్‌లో నోటరీ ఆ మాట వాడకూడదు. ఇంగ్లీషు కాని భాషలో తన పని గురించి ప్రకటన ఇస్తే, తీసుకోగల ఫీజూ, తను లాయరు కాననే మాటా ఇంగ్లీషులోనూ ఆ భాషలోనూ పెట్టాలి. మన దగ్గరా నోటరీ అంటే లాయరే కాబట్టి, తెలుగు వాళ్ళకి ఇది ఇంకా అవసరం. హెచ్‌-4 వీసా పొడిగింపు ఫారం నింపి పెట్టమని నన్ను అడిగినవాళ్ళు ఇప్పటికి పదకొండు మంది. ఈ బ్లాగు ప్రకటనేం కాదు గానీ, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టే ప్రకటన కోసం ఆ మాటని తెలుగులో రాసి పెట్టమని నాన్నని అడిగాను. ఆయన పంపింది "ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునది యేమనగా" అని మొదలై ముప్పావు పేజీ ఉంది. సాక్షుల చోటు కూడా వదిలాడు. దాన్ని కత్తిరించి కత్తిరించి, ఆయన చేత "సరే, పోనీ" అనిపించుకున్న పాఠం ఇది. గ్రూపులో దీని పైన ఇంగ్లీషు పాఠం కూడా ఉంది.

"నేను టెక్సస్‌లో న్యాయవాద వృత్తి చేయడానికి లైసెన్సు ఉన్న అటార్నీని కాను. న్యాయ సలహా ఇవ్వకూడదు, న్యాయ సలహాకు డబ్బు తీసుకోకూడదు. నోటరీ ఫీజు: మొదటి సంతకానికి 10 డాలర్లు, ఆపై ప్రతి సంతకానికి 1 డాలరు."

దాని కింద నేనొక వాక్యం నా సొంతంగా కలిపాను: మీ ఆయన్ని వెంటబెట్టుకు రండి.